మనోవ్యాధి రహిత జిల్లా

రాళ్ళదిన్నె జిల్లాలో మనోవ్యాధులు లేవని ప్రకటన వెలువడిన నాడు, జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ ఓబులేసు గది ముందు బెంచీలు చాలక జనం నేలమీద కూర్చుని ఉన్నారు.

ఓబులేసు ఆ జిల్లా మొత్తానికి ఒకే ఒక్క మానసిక వైద్యుడు. మెత్తని మనిషి. పై అధికారి ఏది చెప్పినా ముందు తలూపి, తర్వాత ఆలోచించే అలవాటు ఆయనది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తలూపగలిగితే పింఛను పుచ్చుకుని పెరట్లో దానిమ్మ మొక్కలు పెంచుకోవచ్చునని ఆయన ఆశ.

ప్రకటన ఊరికే రాలేదు. దానికి ముందు శాస్త్రీయంగా సర్వే జరిగింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, వీధిలో నిలబడి, ఇరుగుపొరుగు వినేట్టు, "మీ ఇంట్లో పిచ్చోళ్ళెవరన్నా ఉండారా" అని అడిగారు. ఉన్నారని ఒక్క ఇంటివాళ్ళూ చెప్పలేదు. పెళ్ళికెదిగిన పిల్లలున్న ఇళ్ళల్లో చెంబులు విసిరారు. ఆ వివరాలన్నీ కూడితే సున్న వచ్చింది. సున్న చూసి పైవాళ్ళు మొదట ఆశ్చర్యపోయారట. కానీ అది మరీ ముచ్చటైన అంకె కావడంతో, దాన్ని అనుమానించి పాడుచేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

మనశ్శాంతి మిషన్ ప్రత్యేకాధికారి పరాంకుశం గారు స్వయంగా ఆసుపత్రికి వచ్చి ఈ శుభవార్త చెప్పారు. పరాంకుశం గారు ఉతికి ఇస్త్రీ చేసినట్టు మాట్లాడతారు. మాటకూ మాటకూ నడుమ ఒక్క ముడత కనిపించదు.

"ఇది సమష్టి కృషి ఫలితం. ఇకపై ఈ జిల్లాలో నూతన మనోవ్యాధుల నమోదుకు అవకాశం లేదు," అన్నారాయన.

ఓబులేసు అలవాటు ప్రకారం తలూపాడు. తర్వాత బయట కూర్చున్నవాళ్ళు గుర్తొచ్చారు. "మరి ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్ళండీ?"

"వారు కోలుకున్నట్టు తీర్మానించాం."

"ఎప్పుడండీ?"

"గత సమీక్షా సమావేశంలో. ఏకగ్రీవంగా."

"ఆ సంగతి వాళ్ళకు తెలీదండీ."

"అవగాహన కల్పించాలి. అది మీ బాధ్యత," అని పరాంకుశం గారు లేచారు.

సాయంత్రానికి పెయింటరు వచ్చి 'మానసిక వైద్య విభాగం' అన్న బోర్డు మీద తెల్లరంగు పూసి 'ఆనంద విభాగం' అని రాశాడు. లోపలున్న చిన్న వార్డులోంచి మంచాలు తీసేసి గోడలకు అద్దాలు బిగించారు. దాని పేరు నవ్వుల మందిరం. రోజూ పొద్దున సిబ్బంది అక్కడ చేరి, చేతులు పైకెత్తి, ఎవరి ముఖం వాళ్ళు చూసుకుంటూ నవ్వాలి. నవ్వినవాళ్ళకే హాజరు పడుతుంది.

మందుల గదిలో ఉండే ఫార్మసిస్టు చేతులెత్తేశాడు. "లేని జబ్బుకు మందు తెప్పిస్తే ఆడిట్ వాళ్ళు నన్ను బతకనిస్తారా సార్? కావాలంటే బీకాంప్లెక్సు ఎంతన్నా ఇస్తా," అన్నాడు. మిషన్ మనుషులు ఊళ్ళో మందుల షాపులకూ వెళ్ళి చెప్పి రావడంతో, అక్కడ కూడా ఆ మాత్రలు దాచేశారు.

మన దగ్గర మనసు జబ్బు మనసు జబ్బునని చెప్పుకుంటూ రాదు. తలనొప్పినంటుంది, కడుపులో మంటనంటుంది, చేతులూ కాళ్ళూ లాగుతున్నాయంటుంది. దాని ముసుగు తీసి అసలు పేరు పెట్టడానికే ఓబులేసు ఇన్నేళ్ళు కష్టపడ్డాడు. ఇప్పుడు అదే జబ్బుకు మళ్ళీ ముసుగేసి పంపడం మొదలుపెట్టాడు. దిగులుతో అన్నం మానేసిన ఆడవాళ్ళకు రక్తహీనత అని రాశాడు. ఉన్నట్టుండి గుండె దడతో చచ్చిపోతున్నానని వణికే కాలేజీ పిల్లను గుండె విభాగానికి పంపాడు. రేడియోలో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని వచ్చిన ముసలాయన్ని చెవి విభాగానికి పంపాడు. చెవి డాక్టరు శ్రద్ధగా గులిమి తీసి పంపించాడు. ఇప్పుడు రేడియో ఇంకా స్పష్టంగా వినపడుతోందని ముసలాయన తిరిగొచ్చి చెప్పాడు.

సూపరింటెండెంటు వీరభద్రాచారి ఓబులేసును పిలిపించుకున్నాడు. ఆయన ఎముకల డాక్టరు. విరిగింది అతకడం, అతకనిది కోయడం తప్ప లోకంలో ఇంకో బాధ ఉంటుందని నమ్మడు.

"ఏం ఓబులేసూ, నీ పుణ్యాన జిల్లాలో రక్తహీనత లెక్క యాడికో ఎక్కిపోయిందంట. వచ్చే నెల నుంచి రక్తహీనత రహిత జిల్లా పథకం వస్తాంది. అప్పుడేం రాస్తావు?"

"ఏదో ఒకటి చూస్తాను సార్."

"ఏదన్నా రాసుకో. నా ఎముకల జోలికి మాత్రం రావద్దు."

ఇలా జబ్బుల పేర్లు మార్చుకుంటూ రోజులు నెట్టుకొస్తున్న ఓబులేసు దగ్గరికి తిరుపాలును అతని భార్య చౌడమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

తిరుపాలు పెళ్ళిళ్ళ వంటమాస్టరు. చుట్టుపక్కల ఊళ్ళలో అతని చేతి గుత్తివంకాయ కోసం ముహూర్తాలు వెనక్కి జరుపుకున్నవాళ్ళున్నారు. వయసులో ఉండగా ఒకసారి మనసు ఆకాశానికెక్కి, తర్వాత పాతాళానికి దిగి, నుయ్యో గొయ్యో అన్న స్థితిలో ఓబులేసు చేతుల్లో పడ్డాడు. అప్పటి నుంచి లిథియం మాత్రలు వేసుకుంటూ, వేళకు నిద్రపోతూ, ఏ పేచీ లేకుండా పొయ్యి ముందు నిలబడుతున్నాడు. ఆ మాత్రలు ఆగిపోయాయి.

"మా ఆయప్ప మళ్ళీ ఎక్కినాడు సార్," అంది చౌడమ్మ. "కన్ను మూయడు. నోరు మూయడు. వీధిలో పోయేటోళ్ళనంతా పిలిచి అన్నం పెడతాండాడు. ఇంట్లో బియ్యమైపోతే పక్కింట్లోవి తెచ్చి వండినాడు. ఎట్లన్నా జేసి ఆ మాత్రలియ్యి సార్."

తిరుపాలు కళ్ళు దీపాల్లా వెలుగుతున్నాయి. కుర్చీలో కూర్చోకుండా గదంతా తిరుగుతూ, ఓబులేసు బల్లమీది కాగితాలన్నీ సర్ది, కిటికీ తుడిచి, బయట బెంచీ మీద ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ కౌగిలించుకుని వచ్చాడు.

"సారూ, నాకు ఇన్నాళ్ళకు అంతా తెలిసిపాయ. ప్రపంచానికంతా ఒకటే పొయ్యి పెట్టాల. ఒకటే గుండిగ. దేశాలన్నీ పంక్తిలో కూర్చుంటే కొట్లాట యాడుంటాది? సాంబారు అమెరికా దాకా పోయేటట్టు పైపులేస్తా. నిద్రెందుకు సారూ, నిద్ర పోయేటోడు ఆకలిగొన్నోనికి శత్రువు."

ఓబులేసు అతని నాడి చూడకుండానే జబ్బు పేరు చెప్పగలడు. చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పరాంకుశం గారు తనిఖీకి, ఫొటోగ్రాఫరుతో సహా, లోపలికి వచ్చారు.

తిరుపాలు ఆయన్ని కూడా కౌగిలించుకున్నాడు. అంతటితో ఆగకుండా అమాంతం పైకెత్తి, "సార్ బక్కచిక్కినాడు, ఈయప్పకు నెయ్యేసి పెట్టాల," అని దించాడు. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు.

పరాంకుశం గారు చొక్కా సర్దుకుని తిరుపాలును ఆసాంతం పరిశీలించారు. "ఎన్నాళ్ళ నుంచీ మీరు ఇంత ఆనందంగా ఉన్నారు?"

"మాత్రలు నిలిపినప్పటి నుంచీ సార్."

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా డాక్టర్ గారూ. మిషన్ లక్ష్యం కాళ్ళతో నడిచి మీ గదిలోకే వచ్చింది."

మర్నాటి నుంచి తిరుపాలు జిల్లా ఆనంద రాయబారి. పట్టుకండువా కప్పారు, జీపు ఇచ్చారు. అతను ఆఫీసులన్నీ తిరిగి ఉద్యోగులను నవ్వించాలి. ఊరి నిండా అతని బొమ్మలు వెలిశాయి. 'నాకు సాధ్యమైతే నీకెందుకు కాదు' అని వాటి కింద రాశారు.

ఓబులేసు జీవితంలో మొదటిసారి పిలవకుండా పై అధికారి గదికి వెళ్ళాడు.

"అయ్యా, అతనికున్నది ఆనందం కాదు. జబ్బు."

"అమితానందం జబ్బు ఎలా అవుతుంది? జీవో మొత్తం చదివాను. ఆనందానికి కనిష్ఠ పరిమితి ఉంది. గరిష్ఠ పరిమితి లేదు," అన్నారు పరాంకుశం గారు.

"ఇది ఎంత ఎత్తుకు పోతుందో అంత లోతుకు పడుతుందండీ. పడినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది."

"పతనము అనే అంశము మిషన్ కార్యాచరణలో లేదు."

"మిషన్లో లేకపోయినా అతనిలో ఉందండీ."

ఈ ఒక్క మాటకు ఓబులేసుకు మెమో వచ్చింది. మనోవ్యాధి రహితమని ప్రకటించిన ప్రాంతంలో, విధి నిర్వహణ వేళల్లో, మనోవ్యాధిని చూసినందుకు వివరణ ఇవ్వవలసిందని.

విచారణకు పరాంకుశం గారు, వీరభద్రాచారి, ఒక న్యాయాధికారి కూర్చున్నారు. డాక్టరుగారి మనసు కొంచెం అదుపు తప్పిందని తేల్చి, వైద్య కారణాల మీద సెలవులో పంపితే అందరికీ మర్యాదగా ఉంటుందని వీరభద్రాచారి సూచించాడు. పరాంకుశం గారికి ఆ సూచన నచ్చింది. న్యాయాధికారి గొంతు సవరించుకున్నాడు.

"అలా తేల్చడానికి వీల్లేదండీ. ఈ జిల్లాలో ఎవరి మనసూ అదుపు తప్పదని మనమే ప్రకటించాం. ఈయన ఒక్కడికి తప్పిందంటే సున్న కాస్తా ఒకటి అవుతుంది."

పరాంకుశం గారు అప్పటిదాకా రాసింది కొట్టేశారు.

"పోనీ, చెయ్యి విరిగిందని రాద్దామా?" అన్నాడు వీరభద్రాచారి. "అవసరమైతే విరుస్తాను."

చివరికి డాక్టర్ ఓబులేసు సంపూర్ణ ఆరోగ్యంతో, సంపూర్ణ ఆనందంతో ఉన్నారనీ, అయితే దానిని వ్యక్తపరచుటలో నిర్లక్ష్యం వహిస్తున్నారనీ తీర్మానించారు. శిక్షగా ఆయన రోజూ నవ్వుల మందిరంలో ముందు వరసలో నిలబడి నవ్వాలి. ఓబులేసు తలూపాడు. మర్నాడు అద్దంలో చేతులెత్తి నవ్వుతున్న తన ముఖాన్ని చూసుకున్నాడు. ఈ ముఖంతో ఎవరైనా తన దగ్గరికి వస్తే వెంటనే వార్డులో చేర్చుకునేవాడినని అనిపించింది.

రాష్ట్ర స్థాయి బృందం జిల్లాకు అవార్డు ఇవ్వడానికి వస్తోందని కబురొచ్చింది. కలెక్టరాఫీసు ఆవరణలో ఆనందోత్సవం ఏర్పాటు చేశారు. ఏర్పాట్ల బాధ్యత ఎవరిదని ఎవరూ అడగలేదు కాబట్టి అది తనదే అనుకున్నాడు తిరుపాలు. మిషన్ పేరు చెప్పి, జిల్లా ప్రజలందరినీ భోజనానికి పిలిచాడు. మిషన్ పేరు మీదే లారీలతో బియ్యం, టమోటాలు, ఉల్లిగడ్డలు తెప్పించాడు. జీపూ కండువా చూసి వ్యాపారులెవరూ ఎదురు చెప్పలేదు.

బృందం వచ్చేసరికి జిల్లా అధికారులందరూ చాపల మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. తిరుపాలు వాళ్ళ వెనక తిరుగుతూ, "సన్నగా సార్, ఇంకా సన్నగా. మీరు ఫైలు తిప్పినట్టు తిప్పితే పప్పు చల్లారిపోతాది," అని హెచ్చరిస్తున్నాడు. అధికారులందరి కళ్ళ వెంటా ధారగా నీళ్ళు కారుతున్నాయి.

"ఆనందబాష్పాలు," అన్నారు పరాంకుశం గారు బృందం అధ్యక్షుడితో, తన కళ్ళు తుడుచుకుంటూ.

తిరుపాలు వేదికెక్కి మైకు అందుకున్నాడు. ప్రత్యేకాధికారిని బదిలీ చేశానన్నాడు. జిల్లాను తానే స్వీకరించానన్నాడు. నీళ్ళ ట్యాంకుల్లో మజ్జిగ నింపాలనీ, తాలూకాలన్నీ పంక్తులుగా మార్చాలనీ, ఎవరైనా ఆకలితో ఉంటే ఆ ఊరి అధికారి ఆ పూట పస్తుండాలనీ ఒకదాని వెంట ఒకటి ఉత్తర్వులు చెప్పుకుంటూ పోయాడు. వెనక వరుసలో ఇద్దరు గుమస్తాలు వాటిని రాసుకున్నారు. కొందరు లేచి నిలబడి కొత్త అధికారికి నమస్కారం కూడా పెట్టారు. ఇవి నిజం ఉత్తర్వులు కావని ఎప్పుడు తెలిసిందని తర్వాత ఎవరో అడిగితే ఒక గుమస్తా, "ఆకలి మాట వచ్చినప్పుడు కొంచెం అనుమానం కలిగింది సార్," అన్నాడు.

మైకు ఆపించడానికి ఓబులేసు వేదిక దగ్గరికి వెళ్ళాడు గానీ పోలీసులు పోనివ్వలేదు. ఒక స్తంభం పక్కన చౌడమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మైదానమంతా చప్పట్లు కొడుతోంది. బృందం అధ్యక్షుడు ఆకులో మూడోసారి గుత్తివంకాయ వేయించుకుని, రాష్ట్రంలో ఇంత ఉత్సాహవంతమైన జిల్లాను చూడలేదని చెప్పి, అవార్డు ఇచ్చి వెళ్ళాడు.

ఓబులేసు చెప్పినట్టే జరిగింది. ఒకనాడు తిరుపాలు జీపు ఎక్కలేదు. మర్నాడు మంచం దిగలేదు. ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. మిషన్ మనుషులు వచ్చి చూసి, రాయబారిగారు ధ్యానస్థితిలోకి వెళ్ళారని చెప్పి, అలా గోడకు జారబడి కూర్చున్న తిరుపాలును ఫొటో తీసుకెళ్ళారు. బొమ్మల కింద రాతలు మారాయి. 'మౌనమే మహదానందం.'

ఒక పొద్దున చౌడమ్మ తడిచీరతో ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. ఆటోలో తిరుపాలు ఉన్నాడు. అతని బట్టలూ తడిసే ఉన్నాయి.

"ఊరి బయట రాళ్ళు తీసిన గుంత ఉండాదే, నీళ్ళు నిలిచింది, ఆడికి పోయినాడు సార్. నడుంలోతు దాకా దిగినాక పట్టుకున్నా." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడుపు దాటిపోయిన గొంతు అది. "మిషన్ ఆపీసుకు పోతే ఆ సార్, జలధ్యానమేమో అన్నాడు. నువ్వు గూడా ఏదో ఒక పేరు పెడితే, నేనీ గేటు ముందే కూర్చుంటా. యాడికీ పోను."

ఓబులేసు ఆటోలోకి వంగి చూశాడు. తిరుపాలు ఆయన్ని గుర్తుపట్టాడు. పెదవులు కదిపి, "నన్నొదిలెయ్యి సారూ. నేను జిల్లాకంతా అప్పుబడినా," అన్నాడు.

అందులో తన తప్పెంతో ఓబులేసుకు తెలుసు. మాత్రలు ఆగిపోయిన మొదటి వారంలోనే, నగరంలో ఉన్న తన సహాధ్యాయికి ఒక్క ఫోను చేసి ఉంటే బస్సులో వచ్చేవి. చేయలేదు. తలూపుతూ కూర్చున్నాడు. చౌడమ్మ ఒక చెయ్యి పట్టుకోగా, ఆయన తిరుపాలు రెండో చెయ్యి పట్టుకుని దించి, తిన్నగా నవ్వుల మందిరంలోకి నడిపించాడు. సిబ్బంది చేతులు పైకెత్తి నవ్వుతున్నారు.

"బయటికి పోండి," అన్నాడు ఓబులేసు. ఆయన నోట అలాంటి మాట అంతకుముందెప్పుడూ విని ఉండలేదు గనక అందరూ వెళ్ళిపోయారు. "మంచం తీసుకురండి. అద్దాలు పీకేయండి, పగిలితే ప్రమాదం. ఈ మనిషి పక్కన రేయింబవళ్ళు ఎవరో ఒకరు ఉండాలి."

మంచం వచ్చింది. ఓబులేసు జబ్బు అసలు పేరు పెద్ద అక్షరాలతో రాసి సంతకం చేశాడు. సహాధ్యాయికి ఫోన్ చేశాడు. బయట జనం చూస్తుండగానే నర్సు చేతి నుంచి కత్తెర అందుకుని, బోర్డు మీది రంగు తనే గీకడం మొదలుపెట్టాడు.

వీరభద్రాచారి పరిగెత్తుకొచ్చాడు. "ఓబులేసూ, నీకేమన్నా పిచ్చి—" అని, గబుక్కున నోరు మూసుకున్నాడు.

పరాంకుశం గారు వచ్చేసరికి జిల్లా సున్న ఒకటి అయిపోయి ఉంది. అది సాయంత్రానికి బాగా పెరిగింది కూడా. అసలు పేరు పెడుతున్నారని తెలిసి రక్తహీనత వాళ్ళూ, గుండె దడ వాళ్ళూ, రేడియో ముసలాయనా వరండాలో బారులు తీరారు.

రాత్రింబవళ్ళు సమావేశాలు జరిగాయి. అవార్డు వెనక్కి ఇవ్వడం సాధ్యం కాదు, దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఓబులేసును తీసేయాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే జబ్బు ఉందని ఒప్పుకోవాలి. రోగులను తరిమేద్దామంటే పత్రికలవాళ్ళు వచ్చి కూర్చున్నారు. చివరికి న్యాయాధికారికే దారి తోచింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. జిల్లా ఆసుపత్రిలోని సదరు గదినీ, వార్డునూ, వరండాలో గోడ వైపు భాగాన్నీ పరిపాలనా సౌలభ్యం కోసం పొరుగు జిల్లాలో విలీనం చేశారు. వరండా పొడవునా పసుపు గీత గీశారు. గీతకు ఇవతల రాళ్ళదిన్నె జిల్లా, మనోవ్యాధులు లేవు. అవతల పొరుగు జిల్లా, ఎన్నైనా ఉండవచ్చు. పొరుగు జిల్లావాళ్ళకు మందుల సరఫరా ఎప్పుడూ ఆగలేదు కాబట్టి మాత్రలు సక్రమంగా రాసాగాయి. ఓబులేసును అక్కడికి బదిలీ చేశారు. ఆయన తన కుర్చీలో కూర్చునే రిలీవై, కూర్చునే చేరాడు.

తిరుపాలు నెమ్మదిగా తేరుకున్నాడు. మొదట నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి, ఆ తర్వాత సిగ్గు. ఊరికంతా పెట్టిన భోజనం గురించి ఓబులేసు దగ్గర చాలా రోజులు ఏడ్చాడు. మళ్ళీ ఒక చిన్న పెళ్ళికి వంట ఒప్పుకున్నాడని చెప్పడానికీ, నెల మాత్రలు తీసుకోవడానికీ చౌడమ్మ ఒక ఉదయం వచ్చి గోడ పక్క బెంచీ మీద కూర్చుంది.

గీతకు ఇవతల పరాంకుశం గారు నిలబడి ఉన్నారు. వెంట ఎవరూ లేరు. చొక్కా నలిగి ఉంది.

"డాక్టర్ గారూ," అన్నారు లోపలికి రాకుండానే. "ఈ గీత దాటితే నేను ఈ జిల్లా ఉద్యోగిని కానట్టేనా?"

"ఇటు వైపు ఉన్నంతసేపు కారండీ."

ఆయన అటూ ఇటూ చూసి, మెడలోని గుర్తింపు కార్డు తీసి జేబులో వేసుకున్నారు. అయినా కాలు కదల్లేదు. "సమీక్షా సమావేశాల్లో ఉన్నట్టుండి ఏడుపొస్తోందండీ. కారణం తెలియడం లేదు. తెల్లవారుతోందంటే భయంగా ఉంటోంది. నేను... ఆనందం మీదే ప్రసంగిస్తుంటాను."

ఆయన మాటల్లో ముడతలు కనిపించడం అదే మొదటిసారి. ఓబులేసు కుర్చీలోంచి లేచాడు.

చౌడమ్మ పరాంకుశం గారి వంక చూసింది. తిట్టడానికి ఆమె దగ్గర మాటలు లేక కాదు. తర్వాత మాత్రల సంచీ ఒళ్ళోకి తీసుకుని బెంచీ మీద పక్కకు జరిగింది.

"వచ్చి కూర్చో సార్," అంది. "మొదటి దినం ఎవురికైనా కాళ్ళు రావు."